సగం శాంపిల్ దాచుకోండి: మంచి టీ కొని అమ్మాలనుకునేవాళ్లకు

నేను మొదటిసారి పెద్ద మొత్తంలో కొన్నది 20 కిలోల డార్జిలింగ్ ఫస్ట్ ఫ్లష్, అంటే ఏడాది తొలి కోత ఆకు. దానికి ముందు వచ్చిన 50 గ్రాముల శాంపిల్ ఇప్పటికీ కళ్లముందు ఉంది. ఆకులో సగం లేత ఆకుపచ్చ, మధ్యమధ్యలో వెండి రంగు మొగ్గలు, కప్పు మీదికి వంగితే అప్పుడే విచ్చుకున్న పూల వాసన. సంతోషం పట్టలేక ఆ 50 గ్రాములూ అందరికీ కాచి ఇచ్చేశాను. నెల తిరిగాక సరుకు వచ్చింది. ఆకు ముదురు గోధుమ రంగులో ఉంది. పూల వాసన లేదు. నాలుక మీద వగరు మాత్రం మిగిలింది. అమ్మినాయనకు రాస్తే "అదే లాట్ అండీ, మీ నీళ్లలో ఏదో తేడా ఉండి ఉంటుంది" అని జవాబిచ్చాడు. కాదని చూపించడానికి నా దగ్గర చిటికెడు పాత ఆకు కూడా లేదు.

అప్పటినుంచి 11 ఏళ్లుగా, వచ్చిన ప్రతి శాంపిల్‌లో సగం చిన్న అల్యూమినియం ఫాయిల్ సంచిలో సీలు చేసి, తేదీ, తోట పేరు, లాట్ నంబరు రాసి పెట్టెలో పెడుతున్నాను. ఈ వ్యాపారంలోకి వస్తామని అడిగేవాళ్లకు మొదట చెప్పేది ఇదే. వెబ్‌సైట్, డబ్బా డిజైన్, బ్రాండ్ పేరు, ఇవన్నీ తర్వాత. ముందు ఆ పెట్టె, ఒక నోటుబుక్, ఒక చిన్న త్రాసు.

రెండో మాట. ఖరీదైన టీని పప్పులు, బియ్యం లాగా నిల్వ సరుకు అనుకోకండి. అది కూరగాయల వ్యాపారానికి దగ్గర. ఎప్పుడు కోశారు, కోసి ఎన్నాళ్లయింది, ఎలా దాచారు అన్నదాని మీదే సగం విలువ ఉంటుంది. కొనేవాడు మీకు ఇచ్చే అదనపు డబ్బు ఏ కొండ, ఏ నెల, ఏ చేతి పని అన్న మూడు సంగతులకు. ఆ మూడూ మీకు తెలియకపోతే మీరు అమ్మేది మామూలు టీయే, డబ్బా మాత్రం ఖరీదైనది.

టీ రకాలు ఎన్ని ఉన్నా మొక్క ఒక్కటే, కమీలియా సైనెన్సిస్. చిన్నాకు రకం చైనా వైపుది, పెద్దాకు రకం అస్సాం వైపుది. కోసిన తర్వాత ఏం చేశారన్నదే తేడా. కోయగానే ఆవిరి మీదో వేడి బాణలిలోనో వేడి చేసి, ఆకులోని ఎంజైమ్ పని ఆపేస్తే గ్రీన్ టీ. ఆవిరి పద్ధతి జపాన్‌లో ఎక్కువ, బాణలి పద్ధతి చైనాలో ఎక్కువ. వాడ్చి, నలిపి, గాలికి పూర్తిగా రంగు తిరగనిస్తే బ్లాక్ టీ. మధ్యలో ఆపితే ఊలాంగ్. వాడ్చి ఆరబెట్టి వదిలేస్తే వైట్ టీ. పూ-ఎర్ మాత్రం సూక్ష్మజీవుల చేత మాగేది. ఈ కొంచెం తెలిస్తే అమ్మేవాడిని సరైన ప్రశ్నలు అడగగలుగుతారు. "వాడ్చడానికి ఎన్ని గంటలు పెట్టారు?" అని ఒక్కసారి అడిగి చూడండి. ఫ్యాక్టరీ దగ్గరి మనిషైతే వెంటనే చెబుతాడు. చేతులు మారిన సరుకు అమ్మేవాడైతే మాట మారుస్తాడు.

ఇక క్యాలెండర్. నా గోడ మీద టీ నెలలు రాసిన చార్టు ఒకటి ఉంటుంది, ఏడాది కొనుగోళ్లన్నీ దాని ప్రకారమే. డార్జిలింగ్‌లో ఫస్ట్ ఫ్లష్ ఫిబ్రవరి చివర్లోనో మార్చిలోనో మొదలై ఏప్రిల్ దాకా సాగుతుంది. మే, జూన్ నెలల్లో సెకండ్ ఫ్లష్. అప్పుడు చిన్న పచ్చదోమలు (పంటల మీద వాలే పురుగులు, మనల్ని కుట్టే దోమలు కావు) ఆకు రసం పీలుస్తాయి, దానికి మొక్క ఎదురు తిరిగి తయారుచేసుకునే పదార్థాల వల్లే ఆ పండిన ద్రాక్ష వాసన, మస్కటెల్ అంటారు దాన్ని. తైవాన్‌లో ఓరియెంటల్ బ్యూటీ ఊలాంగ్‌కు తేనె వాసన వచ్చేది కూడా అలాంటి దోమ వల్లే. పురుగు కొరికిన ఆకుకు ధర పెరగడం నాకు ఈ పనిలో ఇప్పటికీ అబ్బురంగా అనిపిస్తుంది. ఇంకో సంగతి, దోమ బతకాలంటే తోటలో పురుగుమందు అదుపులో ఉండాలి. కాబట్టి నిజమైన ఓరియెంటల్ బ్యూటీ అంటే తోట ఎలా నడుస్తోందో కూడా కొంత తెలిసినట్టే.

వర్షాకాలంలో డార్జిలింగ్ ఆకు త్వరత్వరగా పెరుగుతుంది, రుచి పలచబడుతుంది. అక్టోబరు, నవంబరుల్లో వచ్చే ఆటమ్ ఫ్లష్ మళ్లీ బాగుంటుంది, ధర కూడా కొంచెం దిగి ఉంటుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు అక్కడ మొదలుపెడితే పొరపాటు చేసినా దెబ్బ చిన్నదిగా ఉంటుంది. అస్సాం మంచి ఆకు మే, జూన్ నెలల సెకండ్ ఫ్లష్‌లో చూడాలి, బంగారు రంగు మొగ్గలు, చిక్కని కప్పు. నీలగిరిలో డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా చలికాలపు ఆకు సువాసనగా ఉంటుంది. శ్రీలంకలో ఊవా వైపు జులై నుంచి సెప్టెంబరు, డింబులా వైపు జనవరి నుంచి మార్చి మంచి కాలం. చైనా గ్రీన్ టీ లాంగ్‌జింగ్‌లో ఏప్రిల్ మొదటి వారంలో వచ్చే చింగ్‌మింగ్ పండుగకు ముందు కోసినదానికి ఎక్కువ విలువ, ఏప్రిల్ 20 ప్రాంతంలో వచ్చే గూయూ అనే చైనా పంచాంగపు రోజుకు ముందు కోసినది దాని తర్వాతి మెట్టు. జపాన్ కొత్త ఆకు, షిన్‌చా, ఏప్రిల్ చివర్లో, మేలో వస్తుంది. మార్చి 10న ఎవరైనా "ఈ ఏడాది షిన్‌చా" అని ఫోన్ చేస్తే మర్యాదగా పెట్టేయండి.

ఎవరి దగ్గర కొనాలి? దారులు మూడు. వేలం, మధ్యలో ఉండే ఎగుమతిదారు లేదా హోల్‌సేలర్, నేరుగా తోట. వేలం పాత పద్ధతి. కోల్‌కతాలో 1861లో, కొలంబోలో 1883లో మొదలయ్యాయి. లండన్ వేలం 1998లో మూతపడింది. వేలంలో లాట్లు పెద్దవి, మనలాంటివాళ్లు నేరుగా కొనడం కష్టం. కానీ వేలం ధరలు మాత్రం తప్పక చూడండి. ఆ వారం అస్సాం ఆకు ఎంత పలుకుతోందో తెలిస్తే, మీకు చెప్పిన ధర తోట చేతిపనికి చెల్లిస్తున్నదా, మధ్యవాళ్ల లాభమా అన్నది కొంత అర్థమవుతుంది.

మొదటి రెండేళ్లు నేను హోల్‌సేలర్ దగ్గరే కొన్నాను, మీరూ అలాగే చేయమంటాను. కిలోకు ఎక్కువ పడుతుంది. కానీ రెండు కిలోలు, ఐదు కిలోలు ఇస్తాడు, తప్పు కొన్నా మునిగిపోము. నేరుగా తోట నుంచి కొనాలని అందరికీ ఆశే. దానికి ఒక కనీస మొత్తం ఉంటుంది, రవాణా మీ నెత్తిన, కస్టమ్స్ కాగితాలు మీ నెత్తిన. ఒకే తోట ఆకు ఏడాదిలో 30 కిలోలు అమ్మగలనని నోటుబుక్ చూపించిన రోజున నేరుగా వెళ్లండి. వెళ్లినప్పుడు వీలైతే కోత జరిగే రోజుల్లో వెళ్లండి. సుమారు నాలుగైదు కిలోల పచ్చి ఆకు వాడ్చి ఆరబెడితే ఒక కిలో టీ తయారవుతుంది. రెండాకులూ ఒక మొగ్గా గిల్లుతూ బుట్ట నింపే చేతులను చూశాక, బేరం ఎక్కడ ఆపాలో మనకే తెలుస్తుంది. నేను ఇప్పుడు మంచి తోటల దగ్గర ధర తగ్గించమని అడగను, చిన్న లాట్ ఇమ్మని, పంపేముందు శాంపిల్ ఇమ్మని అడుగుతాను.

శాంపిల్ సంగతి ఇక్కడ పూర్తిగా చెబుతాను, ఎందుకంటే డబ్బు పోయేది ఇక్కడే. మూడు శాంపిళ్లు అడగాలి. ధర చెప్పినప్పుడు ఒకటి. సరుకు కట్టేముందు, కట్టబోయే ఆ లాట్ నుంచే తీసింది ఇంకొకటి. మూడోది మీకు మీరే తీసుకోవాలి, సరుకు చేరాక ప్రతి సంచిలోనూ పైనుంచీ అడుగునుంచీ. మూడింటినీ ఒకే రోజు, ఒకే నీళ్లతో పక్కపక్కన పెట్టి రుచి చూడాలి. రెండో శాంపిల్ బాగుందని రాతపూర్వకంగా చెప్పాకే మిగతా డబ్బు పంపుతానని ఆర్డర్‌లోనే రాసుకోండి. నిజాయితీగా అమ్మేవాళ్లు దీనికి ఎప్పుడూ అభ్యంతరం చెప్పలేదు.

రుచి చూడటానికి ఒక అంతర్జాతీయ పద్ధతి ఉంది, ఐఎస్‌ఓ 3103. 100 మిల్లీలీటర్ల నీళ్లకు 2 గ్రాముల ఆకు, మరుగుతున్న నీళ్లు, 6 నిమిషాలు, తెల్లటి పింగాణీ పాత్ర. లేత గ్రీన్ టీని ఇలా కాచి ఎవరూ ఇష్టంగా తాగరు, చేదెక్కిపోతుంది. కానీ ఇది తాగడానికి కాదు, తప్పు పట్టుకోవడానికి. సున్నితంగా కాస్తే ప్రతి ఆకూ ఎంతోకొంత బాగానే ఉంటుంది. మరిగే నీళ్లు పోస్తే దాచుకున్న లోపమంతా బయటికొస్తుంది. ఈ పరీక్ష అయ్యాకే, కొనేవాళ్లు ఇంట్లో ఎలా కాస్తారో అలా రెండోసారి కాచి చూడండి. చెంచాతో తీసుకుని జుర్రున పీల్చాలి. చప్పుడవుతుందని మొహమాటపడకండి, గాలితో కలిసి ముక్కు దాకా వెళ్తేనే వాసన తెలుస్తుంది. నేను పొద్దున్నే, టిఫిన్‌కు ముందు చూస్తాను. సెంటు రాసుకోను, అగరొత్తి వెలిగించను.

చూడాల్సింది మూడు చోట్ల. పొడి ఆకు, తడిసిన ఆకు, కప్పులో కషాయం. పొడి ఆకు చూసి అందరూ మోసపోతారు, తడిసిన ఆకు అబద్ధం చెప్పలేదు. కాచాక ఆకును తెల్ల పళ్లెంలో పరవండి. మొగ్గా, లేతాకూ విచ్చుకుని అంతా ఒకే రంగులో కనిపిస్తే కోత, తయారీ బాగున్నట్టు. ముదురాకులు, ఈనెలు, చిరిగిన ముక్కలు కలిసి ఉంటే లాట్లు కలిపారేమో అడగండి. అంచులు నల్లగా కాలి ఉంటే ఆరబెట్టేటప్పుడు వేడి ఎక్కువైంది.

వాసనలకు నా నోటుబుక్‌లో మన మాటలే రాసుకుంటాను, ఇంగ్లిష్ టేస్టింగ్ పదాలు నాకు ఆలస్యంగా పనికొచ్చాయి. పసరు వాసన వస్తే, బ్లాక్ టీలో అది వాడ్చడం సరిపోలేదని. కమురు వాసన వస్తే మాడింది. పొగ వాసన, అది కావాలని పట్టించిన లాప్‌సాంగ్ సూచాంగ్ లాంటిది కాకపోతే, పొయ్యి దగ్గర లోపం. ముక్కిన వాసన వస్తే చెమ్మ తగిలింది, ఆ లాట్ ఎంత తక్కువకిచ్చినా ముట్టుకోవద్దు. వగరు మాత్రం లోపం కాదు. నాలుక పక్కల పట్టి వెంటనే వదిలి, వెనక నీళ్లూరిస్తే అది మంచి వగరు. పట్టుకుని వదలకుండా గొంతు ఎండగడితే చెడ్డది. చిక్కని బ్లాక్ టీ చల్లారాక మసకగా మీగడ రంగు తిరిగితే భయపడకండి, అందులోని సారమూ కెఫీనూ కలిసి తేలడం వల్ల అది, మంచి గుర్తే.

మీ నీళ్లు కూడా చూసుకోండి. నన్ను మొదట నీళ్ల పేరు చెప్పే దబాయించారు కానీ, అసలు విషయంలో నిజం ఉంది. ఉప్పదనం, సున్నం ఎక్కువ ఉన్న నీళ్లలో కప్పు నల్లబడుతుంది, పైన తెట్టు కడుతుంది, పూల వాసన అణగిపోతుంది. శాంపిల్ చూసినప్పుడు ఏ నీళ్లు వాడారో నోటుబుక్‌లో రాయండి.

గ్రేడుల అక్షరాలు చూసి ఎక్కువ డబ్బు ఇవ్వకండి. ఎఫ్‌టీజీఎఫ్‌ఓపీ లాంటి పొడవాటి పేర్లు ఆకు సైజు, మొగ్గలు, ఆకారం గురించి చెబుతాయి, రుచి గురించి కాదు. ఆరెంజ్ పెకో అనే గ్రేడులో నారింజ ఉండదు. నేను బాగా అమ్మిన ఒక అస్సాం ఆకు పేరులో అక్షరాలు చాలా తక్కువ.

కాగితాలు అడగడానికి సిగ్గుపడకండి. తోట ఇచ్చే ఇన్వాయిస్ నంబరు కావాలి. డార్జిలింగ్‌లో ఏడాది మొదటి లాట్‌ను డీజే-1 అని మొదలుపెట్టి వరసగా నంబర్లు వేస్తారు, దాన్నిబట్టి ఎప్పటి ఆకో అంచనాకు వస్తుంది. డార్జిలింగ్ పేరు మన దేశంలో భౌగోళిక గుర్తింపు పొందిన మొదటి సరుకు, 87 తోటలకే ఆ పేరు చెల్లుతుంది, లోగో వాడటానికి టీ బోర్డు లైసెన్సు కావాలి. పేరున్న ప్రతి టీకీ నకిలీ ఉంటుంది. అలాగే పురుగుమందుల అవశేషాల ల్యాబ్ రిపోర్టు. దాని మీద ఉన్న లాట్ నంబరు, మీకు అమ్ముతున్న లాట్ నంబరు ఒకటేనా చూడండి. మూడేళ్ల కిందటి రిపోర్టును అన్ని లాట్లకూ చూపించేవాళ్లను నేను చూశాను. అనుమానం ఉంటే మీరే గుర్తింపు ఉన్న ల్యాబ్‌కు పంపించండి. అమ్మబోయే దేశంలో పరిమితులు ఏమిటో ముందే తెలుసుకుని వాటికే పరీక్ష చేయించండి, ఒక దేశంలో పాసైన ఆకు ఇంకో దేశంలో ఆగిపోవచ్చు.

లెక్కలు మా తమ్ముడు చూస్తాడు. మొదటి ఏడాది చివర్లో వాడు పుస్తకం ముందు పెట్టి "అక్కా, నువ్వు లాభం అనుకుంటున్నది లాభం కాదు" అన్నాడు. కొన్న ధర, అమ్మిన ధర మధ్య తేడా చూసుకుని సంబరపడుతున్నాను నేను. తోట ధర 100 అనుకోండి. రవాణా, బీమా, పన్నులు, ల్యాబ్ కలిపితే మాకు అది 140 దాకా వెళ్లింది. శాంపిళ్లకు, రుచి చూపించడానికి, పొట్లాలు కట్టేటప్పుడు అడుగున మిగిలే పొడికి పోయేది 5 శాతం. ఆపైన సంచి, లేబుల్, పార్సిల్. అన్నీ కలిపితే 180 దాటింది, ఇంకా మా జీతాలు లెక్కలోకి రాలేదు. ఇప్పుడు మేము సరుకు ఇంటికి చేరేసరికి పడిన ధర మీద రెండున్నర రెట్ల కన్నా తక్కువకు విడిగా అమ్మం. అంత పెట్టలేని ఆకైతే, ఎంత నచ్చినా కొనం. నచ్చిన ఆకు వదులుకోవడం ఈ పనిలో అన్నిటికన్నా కష్టం, నాకు ఇప్పటికీ అలవాటు కాలేదు.

నిల్వ. ఆకుకు శత్రువులు గాలి, తేమ, వెలుతురు, వేడి, పక్కవాసన. ఐదోదాన్ని నేను తేలిగ్గా తీసుకున్నాను. మల్లె టీ, బెర్గమాట్ అనే నిమ్మజాతి పండు నూనె కలిపిన ఎర్ల్ గ్రే ఉన్న అరలోనే చైనాలోని ఫూజియాన్ నుంచి వచ్చిన సిల్వర్ నీడిల్ అనే వైట్ టీ నాలుగు కిలోలు పెట్టాను. సంచి నోరు క్లిప్పుతో మూశాను, సీలు చేయలేదు. రెండు వారాల్లో ఆ మొగ్గల్లోంచి నిమ్మ తొక్క వాసన వచ్చింది. నాలుగు కిలోలూ అమ్మకానికి పనికిరాలేదు. ఇప్పుడు వాసన పట్టించిన టీలు వేరే గదిలో ఉంటాయి, వాటిని కట్టే చేతి తొడుగులు, చెంచాలు కూడా వేరు.

ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు బాగా ఆరిన ఆకులో తేమ 3 శాతం చుట్టుపక్కల ఉంటుంది, సంచి తెరిచిన క్షణం నుంచి అది గాలిలోని చెమ్మ లాగడం మొదలుపెడుతుంది. వానపడే రోజు పెద్ద సంచి తెరవం. గ్రీన్ టీ, మాచా అనే గ్రీన్ టీ పొడి చల్లగా దాచుతాం, ఫ్రిజ్‌లోంచి తీశాక గది వేడికి వచ్చేదాకా సీలు విప్పం, లేకపోతే ఆకు మీద చెమట పడుతుంది. గాజు సీసాల్లో ఆకు పెట్టి కిటికీలో వరస పేర్చడం చూడటానికి బాగుంటుంది, ఆకుకు మాత్రం అది ఎండలో పెట్టడమే. పూ-ఎర్, కొన్ని వైట్ టీలు పాతబడే కొద్దీ విలువ పెరుగుతాయి. వాటిని చూసి మిగతావన్నీ అలాగే అనుకోవద్దు.

అమ్మకం దగ్గర నేను నమ్మేది చిన్న పొట్లం. 10 గ్రాముల రుచి పొట్లాలు, 50 గ్రాముల సంచులు. 250 గ్రాములు కొన్నవాళ్లు ఆరు నెలలు తాగుతారు, ఐదో నెలలో రుచి తగ్గితే తప్పు మనదే అనుకుంటారు. లేబుల్ మీద తోట, జిల్లా, కోసిన నెల, ఏడాది, మేం పొట్లం కట్టిన తేదీ వేస్తాం. ఎక్స్‌పైరీ తేదీ మాత్రమే వేస్తే అది ఎప్పటి ఆకో దాచినట్టే నా లెక్క.

కాచే పద్ధతి లేబుల్ మీద పెద్ద అక్షరాలతో రాయండి. ఒక పెద్దాయన గ్యోకురో అనే జపాన్ గ్రీన్ టీ పొట్లం తిరిగి తెచ్చి "ఏమ్మా, ఇంత డబ్బు పెట్టి కొన్నాను, వేపాకు కషాయంలా ఉంది" అన్నారు. కుర్చీ వేసి, ఎలా కాశారని అడిగాను. మరిగే నీళ్లలో ఐదు నిమిషాలు. గ్యోకురో సుమారు 20 రోజులు నీడ కప్పి పెంచిన ఆకు, ఆ తీపి 50, 60 డిగ్రీల నీళ్లలోనే వస్తుంది. ఆయన ముందే నీళ్లు చల్లార్చి కాచి ఇస్తే రెండు కప్పులు తాగారు. తప్పు ఆయనది కాదు, నా లేబుల్‌ది. అప్పటినుంచి ప్రతి పొట్లం మీద గ్రాములు, నీళ్లు, వేడి, నిమిషాలు ఉంటాయి. థర్మామీటర్ లేనివాళ్ల కోసం, మరిగాక ఎన్ని నిమిషాలు మూత తీసి ఆగాలో మా కెటిల్‌తో కొలిచి రాశాం. గ్రీన్ టీలకు 70 నుంచి 80, డార్జిలింగ్ ఫస్ట్ ఫ్లష్‌కు 85 నుంచి 90, అస్సాంకు మరిగే నీళ్లే.

రకాలు తక్కువ పెట్టుకోండి. మేము ఒక దశలో 34 రకాలు అమ్మాం, సగం అరల్లోనే పాతబడ్డాయి. ఇప్పుడు 9. కొత్తది రావాలంటే ఏదో ఒకటి అయిపోవాలి. ఆరోగ్యం పేరు చెప్పి అమ్మకండి. బరువు తగ్గుతారు, జబ్బు నయమవుతుంది అని రాస్తే నాలుగు పొట్లాలు ఎక్కువ పోతాయేమో, కానీ రుచి కోసం మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లు అలా దొరకరు. పైగా చాలా దేశాల్లో అలాంటి మాటలు రాయడం నేరం.

మిగిలిపోయిన ఆకు ఏం చేయాలి? గ్రీన్ టీ కోత జరిగి ఏడాది కాగానే, "పోయినేడు కోత" అని పెద్దగా రాసి సగం ధరకు పెడతాం. ఆ ముందు రోజు పెట్టెలోంచి దాచిన సగం శాంపిల్ తీసి, అరలోని ఆకుతో పక్కపక్కన కాచి చూస్తాను. రెండూ ఒకేలా ఉంటే నిల్వ బాగున్నట్టు, ఆకే వయసుతో తగ్గింది. అరలోది మరీ చప్పబడితే ఎక్కడో గాలి దూరింది. ఆ రోజు తమ్ముడూ నేనూ సంచుల సీళ్లన్నీ ఒక్కొక్కటీ నొక్కి చూస్తాం.